మౌత్ ఆర్గాన్‌లో లేని మంద్రస్వరం

‘సి’ శ్రుతికి చేసిన పది రంధ్రాల మౌత్ ఆర్గాన్ మొదటి రంధ్రంలో ఊదితే సెకనుకు 262 కంపనాల స్వరం పలుకుతుంది. ఆ వాద్యం స్వరాల్లో అన్నిటికంటే కిందిది అదే. మామూలుగా మాట్లాడే మగవాడి గొంతు దానికంటే చాలా కింద, 100 కంపనాలకు అటూ ఇటూగా నడుస్తుంది. అంటే మౌత్ ఆర్గాన్‌ది పుట్టుకతోనే సన్నని గొంతు. ‘షోలే’ సినిమాలో అమితాబ్ బచ్చన్ పాత్ర చీకట్లో కూర్చుని వాయించే బాణీ గుర్తు తెచ్చుకోండి. మన దేశంలో చాలామందికి తెలిసిన మౌత్ ఆర్గాన్ నాదం అదే.

ఇప్పుడు బ్లూస్ మౌత్ ఆర్గాన్ వాదకుడు లిటిల్ వాల్టర్ 1952 మే నెలలో చికాగోలో రికార్డు చేసిన ‘జ్యూక్’ వినండి. జాతి అదే, జేబులో పట్టే పరిమాణమూ అదే. వినిపించేది మాత్రం శాక్సఫోన్ బృందానికి దగ్గరగా ఉంటుంది. స్వరానికి బరువు ఉంది, అంచుల్లో గరుకు ఉంది, తీగల వాద్యాలనూ డ్రమ్స్‌నూ పక్కకు నెట్టి ముందుకొచ్చే బలం ఉంది. ఆ పాట అమెరికాలో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో ఎనిమిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అప్పటికి వాల్టర్‌కు ఇరవై రెండేళ్లు.

ఈ అధ్యాయంలో ఆ బరువు ఎక్కడ పుడుతుందో చూద్దాం. దాన్ని రెండు చిన్న ఆంప్లిఫయర్లు కలిసి ఎలా మోస్తాయో, కలపడం తెలియకపోతే అవే రెండూ దాన్ని ఎలా చంపేస్తాయో కూడా చూద్దాం.

రీడ్లు, మైకు, అరచేతులు

మౌత్ ఆర్గాన్, అకార్డియన్, మన పద్యనాటకాల హార్మోనియం ఒకే కుటుంబానివి. మూడింటిలోనూ ఒక లోహపు రీడు తన చట్రంలోని సందులోకి దిగుతూ లేస్తూ గాలిదారిని తెరిచి మూస్తుంది. గాలి తెగి తెగి తునకలుగా బయటికి వస్తుంది. అలా తెగిన గాలిలో అసలు స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపించే అతిస్వరాలు దండిగా ఉంటాయి. హార్మోనియం పెట్టె కొన్నిటిని మింగి నాదాన్ని గుండ్రంగా చేస్తుంది. మౌత్ ఆర్గాన్‌కు పెట్టె లేదు. వాయించేవాడి నోరూ, గొంతూ, అరచేతులే దాని పెట్టె.

1940ల చివర్లో చికాగో దక్షిణ భాగంలోని బార్లలో ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చి కూర్చున్నాక ఆ అరచేతుల పెట్టె చాలలేదు. అదే ఊళ్లోని మేక్స్‌వెల్ వీధి సంతలో చుట్టుపక్కల ఇళ్ల నుంచి కరెంటు తీగలు లాగి ఆంప్లిఫయర్లు నడిపేవారు. మౌత్ ఆర్గాన్ వాయించేవాళ్లు అక్కడ ఒక చౌక మైకును వాద్యంతో పాటే గుప్పిట్లో బిగించి పట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. మైకును స్టాండు మీద పెట్టి దూరంగా నిలబడి వాయిస్తే వినిపించేది వాద్యం ఒక్కటే. రెండిటినీ ఒకే గుప్పిట్లో మూసేస్తే లోపల ఒక చిన్న గది ఏర్పడుతుంది. అందులో ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది, పైస్థాయి అతిస్వరాలు అరచేతుల్లో అణగిపోతాయి, మైకు తట్టుకోగలిగిన దానికంటే పెద్ద సంకేతం బయటికి వస్తుంది.

ఆ మైకులు పాటగాళ్ల కోసం చేసినవి కావు. బస్టాండుల్లో, ఆఫీసుల్లో, రేడియో ఆపరేటర్ల బల్లల మీద మాటలు వినిపించడానికి చేసినవి. ఆస్టాటిక్ కంపెనీ జేటీ-30లో రోషెల్ లవణపు స్ఫటికం ఉంటుంది. దాన్ని వంచితే వోల్టేజి పుడుతుంది. షూర్ కంపెనీ 1949లో తెచ్చిన 520 మైకులో స్ఫటికానికి బదులు అయస్కాంతపు ఏర్పాటు ఉంది. ఆకుపచ్చ రంగు, గుండ్రటి ముక్కు చూసి దానికి ‘గ్రీన్ బుల్లెట్’ అని పేరొచ్చింది. నాణ్యత కొలతల్లో ఈ రెండూ నాసిరకమే. బ్లూస్ వాయించేవాళ్లు డెబ్బై ఏళ్లుగా వాటినే వెతికి పట్టుకుంటున్నారు. వాళ్ల చెవి సరైనదే అని నా నమ్మకం. ఆ మైకులు పైస్థాయి కీచుదనాన్ని తీసేసి, మధ్యస్థాయిని ముందుకు తెచ్చి, తర్వాత జరగబోయే పనికి సంకేతాన్ని సిద్ధం చేస్తాయి.

98 అనే సంఖ్య

వాల్వు ఆంప్లిఫయర్ తన లోపలికి వచ్చిన వోల్టేజిని కొంతవరకే నమ్మకంగా పెంచగలదు. ఆ హద్దు దాటితే తరంగం శిఖరాలు తెగిపోతాయి. కుంచం మీద రాశిగా పోసిన ధాన్యాన్ని కర్రతో అంచుకు సమంగా గీసేసినట్టు అనుకోండి. ఇంజనీరు దీన్ని దోషం అంటాడు. ఒకే స్వరం వాయిస్తున్నప్పుడు ఈ దోషం వల్ల కొత్త అతిస్వరాలు మాత్రమే చేరతాయి. రెండు మూడు స్వరాలు కలిపి వాయిస్తే అంతకంటే ఆశ్చర్యకరమైనది జరుగుతుంది.

‘సి’ మౌత్ ఆర్గాన్ మొదటి మూడు రంధ్రాల్లో ఒకేసారి గాలి లోపలికి పీలిస్తే డి, జి, బి స్వరాలు పలుకుతాయి. బ్లూస్ వాదకుడికి ఇది ఇంటి స్వరసంగమం. సహజ శ్రుతిలో ఈ మూడింటి కంపనాలు వరుసగా 294, 392, 490. మూడూ 98తో నిశ్శేషంగా భాగించబడతాయి: మూడు తొంభై ఎనిమిదులు, నాలుగు తొంభై ఎనిమిదులు, ఐదు తొంభై ఎనిమిదులు. అంటే మూడూ కలిసిన తరంగం ఆకారం సెకనుకు సరిగ్గా 98 సార్లు పునరావృతం అవుతుంది. ఆ తరంగం శిఖరాలను ఎలా కోసినా, ఎంత కోసినా, కోత కూడా సెకనుకు 98 సార్లే పునరావృతం కావాలి. కాబట్టి వాల్వు కొత్తగా పుట్టించే ప్రతి స్వరమూ 98కి గుణిజమే అవుతుంది. వాటిలో అన్నిటికంటే కిందిది 98 కంపనాల స్వరం. వాయిస్తున్న జి కంటే అది రెండు స్థాయిలు కింద పలికే జి.

ఏ రీడూ దాన్ని పలకలేదు, మైకు దాన్ని వినలేదు. ఆంప్లిఫయర్ లోపల, తరంగం తెగిన చోట అది పుట్టింది.

రెండు స్వరాలు కలిసి మూడోదాన్ని పుట్టించడం పాత సంగతే. ఇటలీ వయొలిన్ విద్వాంసుడు తార్తీని 18వ శతాబ్దం తొలినాళ్లలోనే రెండు తీగలు గట్టిగా మోగిస్తే కింద మూడో స్వరం వినిపిస్తుందని గమనించాడు. 1863లో హెల్మ్‌హోల్ట్జ్ తన గ్రంథంలో దానికి గణిత వివరణ ఇచ్చాడు. ప్రతిస్పందన సరళంగా లేని వ్యవస్థలో రెండు స్వరాల తేడాకు సమానమైన స్వరం పుట్టగలదని చూపాడు. అసలు లేకపోయినా ఉన్నట్టు భ్రమించే గుణం కూడా చెవికి ఉంది. 294, 392, 490 కలిపి వినిపిస్తే మెదడు వాటి అడుగున ఉండాల్సిన 98ని తనంతట తానే కొంత ఊహించుకుంటుంది. కానీ వాల్వు పుట్టించే 98 ఊహ కాదు. దాన్ని మీటరుతో కొలవవచ్చు. స్పీకరు దాన్ని నిజంగా గాలిలోకి తోస్తే బల్ల మీద చెయ్యి పెట్టినా తెలుస్తుంది.

ఇక్కడ శ్రుతి సంగతి ఒకటి చెప్పాలి. పియానోలాగా సమ విభజన శ్రుతిలో చేసిన మౌత్ ఆర్గాన్ అయితే అవే స్వరాలు 293.7, 392, 493.9 దగ్గర ఉంటాయి. అప్పుడు మొదటి జత తేడా 98.3, రెండో జత తేడా 101.9. అడుగున రెండు స్వరాలు ఒకదాన్నొకటి రాసుకుంటూ సెకనుకు దాదాపు నాలుగుసార్లు విస్పందనాలు వినిపిస్తాయి. శుభ్రంగా వాయిస్తున్నప్పుడు పట్టించుకోనక్కర్లేని చిన్న తేడా ఇది. ఆంప్లిఫయర్‌ను తెగేదాకా తోలినప్పుడు అడుగంతా బురదగా మారుస్తుంది. హోనర్ కంపెనీ 1896 నుంచి చేస్తున్న మెరైన్ బ్యాండ్ పాత మోడళ్లను సహజ శ్రుతికి చేసేవారు. చికాగో నాదంలో వాటి పాలు ఎంతో ఉంది. తంబురా శ్రుతికి అలవాటుపడిన చెవికి ఈ తేడా ఎవరూ చెప్పకుండానే పట్టుబడుతుంది.

చిన్న ఆంప్ ఎందుకు, రెండు ఎందుకు

తరంగం తెగాలంటే ఆంప్‌ను దాని హద్దు దాకా తోలాలి. 1959 నాటి ఫెండర్ బాస్‌మన్‌లో నాలుగు పది అంగుళాల స్పీకర్లు ఉంటాయి, శక్తి సుమారు 45 వాట్లు. గొప్ప మౌత్ ఆర్గాన్ ఆంప్ అని దానికి పేరు. చిన్న గదిలో దాన్ని హద్దు దాకా తోలితే జనం లేచిపోతారు. అదే కాలపు ఫెండర్ చాంప్‌లో ఒకే ఒక 6వి6 వాల్వు, ఒక ఎనిమిది అంగుళాల స్పీకరు, సుమారు 5 వాట్లు. అది త్వరగా హద్దు చేరుతుంది. దాని ఏకైక శక్తి వాల్వు తరంగాన్ని పైవైపు ఒకలా, కిందివైపు ఇంకోలా వంచుతుంది. రెండు వాల్వులు ఎదురెదురుగా పనిచేసే పెద్ద ఆంప్ చివరి దశలో అలాంటి అసమానత చాలావరకు ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. తేడా స్వరం పుట్టడానికి ఆ అసమానతే నేరుగా సాయపడుతుంది. మన 98 విషయంలో చిన్న ఆంప్‌కు ఉన్న మొగ్గు ఇదే.

చిన్న ఆంప్ కష్టం ఇంకో చోట ఉంది. అది 98ని పుట్టించగలదు కానీ మోయలేదు. ఎనిమిది అంగుళాల కోన్, వెనుక తెరిచిన చిన్న పెట్టె, బుల్లి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మూడూ కలిసి 100 కంపనాల దగ్గర నీరసపడతాయి. వెనుక నుంచి వచ్చే తరంగం చుట్టూ తిరిగి ముందుకొచ్చి, ముందు తరంగాన్ని కొంత రద్దు చేస్తుంది. చాంప్‌ను ఒంటరిగా వింటే నాదం ముద్దుగా ఉంటుంది, ఒక పెట్టెలోంచి వస్తున్నట్టు ఉంటుంది. అడుగు ఉందని అనిపిస్తుంది, తగలదు.

రెండో ఆంప్ చేయాల్సిన పని ఇక్కడే ఉంది. మొదటిదానిలాంటిదే ఇంకొకటి తెచ్చి పక్కన పెట్టినా ఉపయోగమే కానీ, వేరే రకందైతే ఫలితం ఎక్కువ. ఉదాహరణకు, గిబ్సన్ కంపెనీ 1960ల మధ్యలో ‘కలమజూ’ పేరుతో అమ్మిన చౌక ఆంప్‌లలో పది అంగుళాల స్పీకరు ఉండేది. గిటార్ నేర్చుకునే పిల్లల కోసం చేసిన ఆ పెట్టెలను మౌత్ ఆర్గాన్ వాళ్లు ప్రేమగా దాచుకుంటారు. ఎనిమిది అంగుళాల చాంప్ గరుకూ, పది అంగుళాల పెట్టె ఛాతీ కలిస్తే ఒక్కటిగా ఏదీ ఇవ్వలేని నాదం వస్తుంది.

ఇంకో పద్ధతి ఒకదాన్ని తెగేలా, ఇంకోదాన్ని శుభ్రంగా నడపడం. తెగే ఆంప్‌కు ఒక గుణం ఉంది: మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా చప్పుడులో పెద్దగా తేడా ఉండదు, రంగు మారుతుంది అంతే. నాలుకతో రంధ్రాలను కొట్టే దెబ్బ, శ్వాస తిప్పిన క్షణం, గుప్పిట తెరిచిన కదలిక అందులో కలిసిపోతాయి. శుభ్రంగా నడిచే ఆంప్ వాటిని ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. రెండూ కలిస్తే మెల్లగా వాయించినప్పుడు మాట స్పష్టంగానూ, గట్టిగా వాయించినప్పుడు ఒళ్లు చిక్కగానూ వస్తుంది. రికార్డింగ్ గదుల్లో ఇంజనీర్లు గొంతుకు చేసే పని కూడా దాదాపు ఇదే. శుభ్రంగా నడిచేది 98ని పుట్టించదని మాత్రం గుర్తుంచుకోవాలి. అడుగు కావాలంటే తెగే ఆంప్‌కే పెద్ద స్పీకరు ఉండాలి.

చప్పుడు కోసమే రెండో ఆంప్ తెచ్చుకుంటే మాత్రం నిరాశే. 5 వాట్లకు ఇంకో 5 చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు చప్పుడు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల వాట్లు. చాంప్ కంటే తొమ్మిది రెట్ల శక్తిగల బాస్‌మన్ కూడా వాట్ల లెక్కలో తొమ్మిదిన్నర డెసిబెల్సే ఎక్కువ. దానికంటే స్పీకరు మార్చడం తేలిక. ఒక వాట్ ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే 92 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు తీసి 98 ఇచ్చేది పెడితే, ఆంప్ వాట్లను నాలుగు రెట్లు చేసినట్టే. వాట్ల వెంట పరిగెత్తేవాళ్లు స్పీకరు వివరాల పత్రంలో ఉండే ఈ ఒక్క సంఖ్యను చదివితే చాలా డబ్బు మిగులుతుంది.

అయితే కిందిస్థాయిలో రెండు స్పీకర్లకు ఒక వరం ఉంది. 98 కంపనాల తరంగం పొడవు మూడున్నర మీటర్లు. అరమీటరు దూరంలో పక్కపక్కన ఉన్న రెండు కోన్‌లు ఆ తరంగం దృష్టిలో ఒకే కోన్. రెండూ కలిసి గాలిని తోస్తే ఒత్తిడి రెట్టింపవుతుంది, అంటే 6 డెసిబెల్స్. వాట్ల వల్ల వచ్చిన 3 కాక, కలిసికట్టుగా తోయడం వల్ల ఇంకో 3. ఈ లాభం పైస్థాయిలో ఉండదు. అక్కడ తరంగాలు పొట్టివి, ఎవరి దారి వారిది. అందుకే రెండు చిన్న పెట్టెలు ఆనించి పెట్టినప్పుడు చప్పుడు కంటే ముందు అడుగు పెరిగినట్టు అనిపిస్తుంది.

ఎదురు తిరిగిన కోన్

ఆ వరమే శాపం కాగలదు. ఒక కోన్ ముందుకు వస్తున్న క్షణంలో రెండోది వెనక్కి పోతుంటే, ఒకటి తోసిన గాలిని ఇంకొకటి లాగేసుకుంటుంది. అప్పుడు 98 దాదాపు మాయమవుతుంది. రెండో ఆంప్ మొదటిదానిలో సగం ఒత్తిడి ఇస్తోందనుకుందాం. కలిసి పనిచేస్తే మొత్తం ఒకటిన్నర, ఎదురు తిరిగితే అర. ఈ రెండింటి మధ్య తొమ్మిదిన్నర డెసిబెల్స్ తేడా. చాంప్‌కూ బాస్‌మన్‌కూ మధ్య వాట్లలో ఉన్న తేడా కూడా అంతే అని పైన చూశాం. రెండు ఆంప్‌లు కలిపాక నాదం ఇంకా పలచబడిందని విసుగుపడేవాళ్లలో చాలామందిది ఈ సమస్యే.

ఇది ఎందుకు వస్తుందంటే, మామూలు వాల్వు దశ ప్రతిదీ తరంగాన్ని తలకిందులు చేస్తుంది. మూడు దశలున్న ఆంప్‌లో మూడుసార్లు, నాలుగున్న దానిలో నాలుగుసార్లు తిరగబడుతుంది. దానిపైన ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు ఎటువైపు కలిపారు, స్పీకరు తీగలు ఎలా బిగించారు అన్నవి తోడవుతాయి. 1.5 వోల్టుల బ్యాటరీని స్పీకరు కొనలకు ఒక్క క్షణం తాకించి కోన్ ఎటు కదిలిందో చూడటం ఒక అలవాటు. అది స్పీకరు సంగతి మాత్రమే చెబుతుంది, దాని ముందున్న దశల సంగతి చెప్పదు.

నిజమైన పరీక్ష చెవే. రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, చప్పుళ్లు సమానంగా చేసి, మొదటి మూడు రంధ్రాల స్వరసంగమాన్ని నిలిపి పట్టండి. తర్వాత రెండూ ఆపి, ఒక ఆంప్ స్పీకరు కొనల దగ్గర రెండు తీగలను అటూ ఇటూ మార్చి మళ్లీ వాయించండి. అడుగు ఎక్కువ ఉన్న అమరికే సరైనది. తీగలు ముట్టుకోకుండా చూడాలంటే, వెనుక తెరిచిన పెట్టెను వీపు ముందుకు వచ్చేలా తిప్పి పెట్టండి. కిందిస్థాయిలో వెనుక తరంగం ముందు తరంగానికి వ్యతిరేకం కాబట్టి, తిప్పినప్పుడు అడుగు బలపడితే తీగలు మార్చాల్సిన అవసరం ఉందన్నమాట.

దిశ సరిచేశాక దూరం లెక్క చూడాలి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఒక పెట్టె శ్రోతకు ఇంకోదానికంటే 34 సెంటీమీటర్లు దూరంగా ఉంటే, 500 కంపనాల దగ్గర రెండు తరంగాలు సగం అల తేడాతో చేరి రద్దవుతాయి. 17 సెంటీమీటర్లయితే ఆ గొయ్యి 1000 దగ్గర పడుతుంది. గది గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఈ గోతులను కొంత పూడుస్తుంది. రికార్డింగ్‌లో ఒక్కో ఆంప్ ముందు ఒక్కో మైకు పెట్టి కలిపితే గోతులు పూడవు. అప్పుడు రెండు మైకులూ తమ తమ కోన్‌లకు సమాన దూరంలో ఉండాలి. నా అభిప్రాయంలో చిన్న వేదిక మీద రెండు పెట్టెలను విడదీసి ‘స్టీరియో’ చేయబోవడం కంటే ఒకదాని మీద ఒకటి పేర్చడం మేలు. అడుగు కలుస్తుంది, పైపెట్టె చెవి ఎత్తుకు వస్తుంది.

సంకేతాన్ని పంచడం

ఒక మైకు, రెండు ఆంప్‌లు. మధ్యలో ‘వై’ ఆకారపు తీగ పెడితే సరిపోతుందని అనిపిస్తుంది. అయస్కాంతపు మైకుతో అది చాలావరకు నడుస్తుంది. స్ఫటికపు మైకుతో నడవదు, ఎందుకో లెక్క చెబుతుంది. స్ఫటికం విద్యుత్తుపరంగా ఒక చిన్న కెపాసిటర్‌లాంటిది. దాని విలువ 1000 పికోఫారడ్లు అనుకుందాం. ఆంప్ ప్రవేశ నిరోధం ఒక మెగా ఓమ్ అయితే, 159 కంపనాల కింద సంకేతం తగ్గడం మొదలవుతుంది. వాద్యంలో అంత కిందిస్వరం లేదు కాబట్టి నష్టం తక్కువ. రెండు ఆంప్‌లను సమాంతరంగా కలిపితే నిరోధం అర మెగా ఓమ్‌కు దిగుతుంది, తగ్గుదల 318 దగ్గరికి ఎగబాకుతుంది. మన డి స్వరం 294. అంటే 98ని పుట్టించాల్సిన ముగ్గురిలో ఒకడు గుమ్మం దగ్గరే బక్కచిక్కిపోయాడు. స్ఫటికానికి 5 మెగా ఓమ్‌ల గుమ్మం దొరికితే ఆ గీత 32కు దిగిపోతుంది. అందుకే స్ఫటికపు మైకు వాడేవాళ్లు ముందు అలాంటి గుమ్మం ఉన్న ఒక బఫర్ దశ పెట్టి, ఆ తర్వాత పంచాలి.

మరో దారి ఉంది, అదే నాకు ఎక్కువ ఇష్టం. మైకును చిన్న ఆంప్‌కే ఇచ్చి, అది తెగ్గొట్టిన తరంగాన్ని దాని స్పీకరు కొనల నుంచి కొద్దిగా తీసి, పెద్ద స్పీకరున్న రెండో ఆంప్‌కు ఇవ్వడం. చిన్నది 98ని పుట్టిస్తుంది, పెద్దది మోస్తుంది. 4 ఓమ్‌ల స్పీకరు మీద 5 వాట్లు అంటే దాదాపు నాలుగున్నర వోల్టులు. అది గిటార్ ఆంప్ గుమ్మానికి చాలా ఎక్కువ. 10 కిలో ఓమ్‌లు, 1 కిలో ఓమ్ రెసిస్టర్లను వరుసగా పెట్టి చిన్నదాని మీది వోల్టేజి తీసుకుంటే 0.4 వోల్టులకు తగ్గుతుంది. చిన్న ఆంప్ స్పీకరు మాత్రం ఎప్పుడూ కలిపే ఉండాలి. స్పీకరు లేకుండా వాల్వు ఆంప్ నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. రెండు ఆంప్‌ల స్పీకరు కొనలను ఎన్నడూ ఒకదానితో ఒకటి కలపకూడదు.

ఇక మైకు కూత. స్పీకరు చప్పుడు మైకులోకి పోయి, పెరిగి, మళ్లీ స్పీకరు దగ్గరికి వచ్చే చక్రంలో నష్టం కంటే లాభం ఎక్కువైన క్షణం కూత మొదలవుతుంది. రెండు ఆంప్‌లూ మైకు దగ్గర సమాన ఒత్తిడి ఇస్తుంటే చక్రం లాభం రెట్టింపు దాకా పోతుంది. అంటే ఒంటరిగా కూత అంచున నడుస్తున్న ఆంప్‌కు తోడు తెచ్చినప్పుడు రెంటినీ 6 డెసిబెల్స్ దాకా తగ్గించాల్సి రావచ్చు. పెట్టెలను రెట్టింపు దూరం జరిపితే, గోడల ప్రభావం పక్కన పెడితే, ఆ ఆరు తిరిగొస్తాయి. మొదటి దశలో 12ఏఎక్స్7 వాల్వు ఉంటే దాని వర్ధన గుణకం 100. అదే సాకెట్లో పట్టే 12ఏవై7 గుణకం 45 ప్రాంతంలో ఉంటుంది. మౌత్ ఆర్గాన్ మైకు సంకేతం ఎలాగూ పెద్దదే కనుక ఈ మార్పుతో నాదం పోదు, కూత వెనకడుగు వేస్తుంది.

హమ్, ఎర్త్

రెండు ఆంప్‌లను ఒకే మైకుకు కలపగానే ‘హూం’ అని గుక్కతిప్పుకోని మోత రావచ్చు. రెంటికీ ఎర్త్ తీగ ఉంది, మైకు తీగ కవచం ద్వారా మరో దారి ఏర్పడింది. ఆ వలయంలో కరెంటు తిరుగుతోంది. మన దేశంలో ఈ మోత 50 కంపనాల దగ్గర, అమెరికాలో 60 దగ్గర ఉంటుంది. అంతకు రెట్టింపు, 100 దగ్గర మోగుతుంటే తప్పు వలయానిది కాదు, ఏదో ఒక ఆంప్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైపోయాయి. వలయానికి మందు ఒకటే: రెండో ఆంప్‌కు పోయే సంకేతాన్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పంపే పంపిణీ పెట్టె. సంకేతం దాటుతుంది, తీగ తెగిపోతుంది.

అమెరికా నుంచి వస్తూ పాత చాంప్ తెచ్చుకున్న తెలుగువాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. అవి సుమారు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కోసం చేసినవి. ఇక్కడి 230 వోల్టులను తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజి సరిపోతుంది, 50 హెర్ట్జ్ మారదు. దాని వల్ల ఆంప్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుములో అయస్కాంత అభివాహం ఐదో వంతు పెరిగి, అది అక్కడికంటే వేడెక్కుతుంది. గంటల తరబడి వదిలేయకుండా మధ్యమధ్యలో చెయ్యి పెట్టి చూడటం మంచిది. పెట్టె మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

హమ్ పోగొట్టడానికి ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినకండి. హమ్ నిజంగానే పోతుంది, దానితో పాటు ఆంప్ లోహపు చట్రానికి ఉన్న ఏకైక రక్షణ కూడా పోతుంది. ఒక ఆంప్ లోపల ఇన్సులేషన్ చెడితే మైకు తొడుగు మీదికే మెయిన్స్ వోల్టేజి వస్తుంది. గిటార్ వాదకుడు తీగలను వేళ్లతో తాకుతాడు. మౌత్ ఆర్గాన్ వాదకుడు లోహపు మైకును తడి చేతులతో బిగించి, దాన్ని ఆనుకున్న లోహపు వాద్యాన్ని పెదవుల మధ్య పెట్టుకుంటాడు. రెండు ఆంప్‌లు కలిపే ముందు రెండింటి ప్లగ్గులకూ మూడో పిన్ను ఉందో లేదో, గోడలోని సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత ఆంప్‌కు రెండు పిన్నుల తీగే ఉంటే మూడు పిన్నులది వేయించి, ఆ తర్వాతే మైకు చేతిలోకి తీసుకోండి.